ఇసుక దిబ్బలు ఎలా పుడతాయి, ఎలా నడుస్తాయి? థార్ ఎడారి మీద తరచుగా అడిగే ప్రశ్నలు

రాజస్థాన్ చూసి వచ్చినవాళ్లు, పోటీ పరీక్షలకు భూగోళం చదివేవాళ్లు, అనంతపురం వైపు పొలాల్లో ఇసుక మేటలతో అవస్థ పడేవాళ్లు అడిగే ప్రశ్నలు చివరికి ఒక్కచోటికే వస్తాయి. ఈ ఇసుక ఇలాగే ఎందుకు పోగవుతుంది? పోగైంది ఎందుకు కదులుతుంది? జవాబులకు ఎక్కువగా థార్ ఎడారినే ఆధారంగా తీసుకున్నాం. అది మనకు దగ్గర. పైగా మొక్కకూ ఇసుకకూ మధ్య జరిగే పోరు అక్కడ కనిపించినంత స్పష్టంగా చాలా ఎడారుల్లో కనిపించదు.

ఎడారి అంటే అంతా ఇసుకేనా?

కాదు. సినిమాలు చూసి అలా అనుకుంటాం గానీ, సహారాలో ఇసుక కప్పిన భాగం దాదాపు నాలుగో వంతే. మిగతాదంతా రాతినేల, గులకరాళ్ల మైదానాలు, కొండలు, ఉప్పు పర్రలు. థార్‌లోనూ అంతే. జైసల్మేర్ కోట ఉన్నది పసుపురాతి గుట్ట మీద, ఊరి చుట్టూ ఉన్నదీ ఎక్కువగా రాతినేలే. పెద్ద దిబ్బలు చూడాలంటే అక్కడి నుంచి పడమరగా 40 కిలోమీటర్లు, సమ్ దాకా వెళ్లాలి. బికనీర్, చూరూ, బార్మేర్, జోధ్‌పూర్ జిల్లాల్లో దిబ్బలు విస్తారంగా ఉన్నాయి.

ప్రపంచంలో ఎడతెగకుండా ఇసుక పరుచుకున్న అతి పెద్ద ప్రాంతం అరేబియాలోని రబ్ అల్ ఖాలీ. సుమారు 6.5 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా అందులో సగానికి రావు.

ఆ ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది?

ఎక్కువగా నదులు తెచ్చి పోసిందే. ఎడారిలో నీళ్లు లేకపోవచ్చు గానీ, ఎడారి ఇసుకకు పుట్టిల్లు చాలాసార్లు నీళ్లే. థార్‌కు సింధు, ఘగ్గర్, లూని నదులూ ఎండిపోయిన పాత కాలువలూ వదిలిన ఒండ్రు పెద్ద ఆధారం, స్థానికంగా అరిగిపోయిన ఇసుకరాయి మరొకటి. నమీబియా తీరంలోని నమీబ్ ఎడారి కథ ఇంకా దూరం వెళ్తుంది. ఆరెంజ్ నది ఇసుకను సముద్రంలో కలుపుతుంది, తీరం వెంట సాగే అలలు, ప్రవాహాలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి, అక్కడ గాలి అందుకుని ఒడ్డు మీదకు ఎక్కిస్తుంది.

నది తెచ్చిన ఒండ్రులో బంకమన్ను, దుమ్ము, ఇసుక, గులకరాళ్లు అన్నీ కలిసే ఉంటాయి. వాటిని వేరు చేసేది గాలి. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినప్పుడు పొట్టు ఎగిరిపోయి గింజ దగ్గరే పడుతుంది కదా, అదే పని ఇక్కడ వేల ఏళ్లుగా జరుగుతోంది. దుమ్ము వందల కిలోమీటర్లు పోతుంది, గులకరాయి కదలదు. మధ్యలో మిగిలే 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల రేణువులే దిబ్బలవుతాయి. అందుకే దిబ్బ ఇసుక చేతిలోకి తీసుకుంటే జల్లెడ పట్టినట్టు ఒకే సైజులో ఉంటుంది.

ఇసుక అంటే క్వార్ట్జే, అంటే పలుగురాయి రేణువులే కానక్కర్లేదు. అమెరికాలోని న్యూమెక్సికోలో వైట్ శాండ్స్ దిబ్బలు పూర్తిగా జిప్సమ్. తెల్లగా మెరిసిపోతుంటాయి.

ఎండాకాలం ఢిల్లీ మీదికి వచ్చేది థార్ ఇసుకేనా?

వచ్చేది దుమ్ము. ఇసుక రేణువు అంత దూరం ఎగరలేదు. మే, జూన్ నెలల్లో ఆకాశం పసుపు రంగుకు తిరిగేది ఇసుకకంటే ఎన్నో రెట్లు సన్నగా ఉండే ధూళి వల్ల. సహారా ధూళి అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవుల దాకా పోతుంది. సహారా దిబ్బలు మాత్రం సహారాలోనే ఉంటాయి.

గాలి ఇసుకను ఎలా మోస్తుంది?

ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికి వందేళ్లు కూడా కాలేదు. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజినీరు 1920లు, 30లలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఫోర్డు కార్లలో తిరిగాడు. తర్వాత లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఒక గాలి సొరంగం కట్టుకుని, కిటికీ గుండా రేణువుల కదలికను కొలిచాడు. 1941లో పుస్తకంగా వచ్చిన ఆ లెక్కలే ఇవాళ్టికీ పునాది.

ఆయన తేల్చింది ఇదీ. ఇసుక గాలిలో ఎగరదు, గెంతుతుంది. గాలి గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటగానే ఒక రేణువు నేల విడిచి పైకి లేస్తుంది. గాలి దాన్ని ముందుకు తోస్తుంది. అది ఏటవాలుగా, వేగంగా వచ్చి నేలను గుద్దుకుంటుంది. ఆ దెబ్బకు తాను మళ్లీ పైకి లేస్తుంది, చుట్టూ ఉన్న మరికొన్నింటినీ లేపుతుంది. అవి పడి ఇంకొన్నింటిని లేపుతాయి. ఇలా కొద్ది క్షణాల్లో నేలంతా లేచినట్టవుతుంది. ఒకసారి మొదలయ్యాక గాలి కాస్త తగ్గినా ఈ గెంతుడు ఆగదు, ఎందుకంటే రేణువును లేపే పని అప్పటికి మరో రేణువు చేస్తోంది.

పైకి లేవలేనంత బరువైన రేణువులు ఈ దెబ్బలకు నేల మీదే దొర్లుతూ ముందుకు జరుగుతాయి. బాగ్నాల్డ్ లెక్క ప్రకారం కదిలే ఇసుకలో మూడు వంతులు గెంతేది, ఒక వంతు దొర్లేది. గెంతే ఇసుకలో చాలా భాగం మోకాలి ఎత్తు దాటదు. గాలిదుమారంలో నిలబడితే పిక్కల మీద సూదులు గుచ్చినట్టుంటుంది. ముఖానికి తగిలేది ఎక్కువగా దుమ్మే.

ఇందులో రెండు సంగతులు చాలామందికి వింతగా అనిపిస్తాయి. మొదటిది, మరీ సన్నని పొడిని గాలి సులువుగా లేపలేదు. 0.1 మిల్లీమీటరుకంటే బాగా చిన్నవైతే రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి, గెంతే ఇసుక వచ్చి కొడితేనే ఆ పొడి లేస్తుంది. రెండోది, గాలి బలం రెట్టింపైతే అది మోసే ఇసుక రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి ఏడాది పొడవునా వీచే చిరుగాలి చేయలేని పనిని నాలుగు రోజుల దుమారం చేసేస్తుంది. థార్‌లో ఆ పని ఎక్కువగా జరిగేది ఎండాకాలంలో, వానలు పడేలోపు.

ఖాళీ నేల మీద దిబ్బ ఎలా మొదలవుతుంది?

ఒక పొద చాలు. పొద వెనక గాలి నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన ఇసుక అక్కడ రాలుతుంది. ఎడారిలో ప్రతి పొద మొదట్లోనూ ఇలాంటి చిన్న గుట్ట కనిపిస్తుంది.

పొద లేకపోయినా మొదలవుతుంది, ఈ రెండో దారి ఇంకా ఆసక్తికరం. గట్టి నేల మీద, రాళ్ల మీద రేణువు బాగా ఎగిరి దూరం పోతుంది. మెత్తటి ఇసుక మీద పడితే దాని వేగమంతా ఆ ఇసుకలోనే ఇంకిపోతుంది. అంటే ఎక్కడైనా చారెడు ఇసుక పోగైతే, దాని మీదికి వచ్చిన ఇసుక అక్కడే ఆగిపోతుంది. ఇసుకే ఇసుకను పట్టి ఉంచుతుంది. అయితే మరీ చిన్న కుప్ప నిలవదు. గాలి తన వేగానికి తగ్గ ఇసుకను ఎత్తుకోవడానికి కొంత దూరం కావాలి, ఆ దూరం కన్నా కుప్ప చిన్నదైతే గాలి దాన్ని కోసేస్తుంది. మన ఎడారుల్లో ఆ హద్దు దాటి దిబ్బగా నిలదొక్కుకోవాలంటే సుమారు పది మీటర్ల పొడవు ఉండాలి.

ఒక వైపు ఏటవాలు, ఇంకో వైపు నిటారు. ఎందుకలా?

గాలి తగిలే వైపు వాలు తక్కువ, సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీలు. దిబ్బ ఎక్కేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది, ఇసుకను గీక్కుంటూ కొన దాకా తెస్తుంది. కొన దాటగానే గాలి నేలను వదిలేస్తుంది. అవతల గాలి మాటు. మోసుకొచ్చిన ఇసుకంతా అక్కడ కొనకు కాస్త కిందుగా రాలిపోతుంది.

ఆ చోటును దగ్గర నుంచి చూడండి. అంచు కింద ఇసుక మెల్లగా ఉబ్బుతుంది. వాలు 34 డిగ్రీల దాకా పెరిగాక ఉన్నట్టుండి ఒక పాయ తెగి కిందికి జారుతుంది. పాయ కిందికి పోతుంటే, తెగిన చోటు మాత్రం పైకి పాకుతూ అంచును కొరుక్కుంటూ పోతుంది. ఆగాక వాలు 32 డిగ్రీల దగ్గర కుదురుకుంటుంది. మళ్లీ ఉబ్బడం, మళ్లీ తెగడం. పొడి ఇసుకకు ఈ కోణం దాని స్వభావంలోనే ఉంది. మీ నడుమెత్తు దిబ్బకైనా, 300 మీటర్ల దిబ్బకైనా జారుడు వాలు అంతే ఉంటుంది.

దిబ్బ నిజంగా నడుస్తుందా? ఎంత వేగంగా?

నడుస్తుంది. గాలి తగిలే వైపు ఇసుక తరుగుతుంది, జారుడు వైపు పెరుగుతుంది. జారుడు వైపు పడిన రేణువు మీద మరో పొర పడుతుంది, దాని మీద ఇంకోటి. అలా కప్పుబడిపోతుంది. దిబ్బ మొత్తం దాని మీదుగా ముందుకు పోయాక, ఏళ్ల తర్వాత వెనక వైపు బయటపడి, మళ్లీ గాలికి చిక్కి, మళ్లీ కొనకు చేరుతుంది.

వేగం ఎత్తు మీద ఆధారపడుతుంది. గాలి ఒకటే అయినప్పుడు రెట్టింపు ఎత్తున్న దిబ్బ సగం వేగంతో కదులుతుంది, కదిలించాల్సిన ఇసుక అంత ఎక్కువ కాబట్టి. చంద్రవంక ఆకారంలో ఉండే చిన్న బర్ఖాన్ దిబ్బలు బలమైన గాలులున్న చోట ఏడాదికి పదుల మీటర్లు జరుగుతాయి. మొరాకోలోని ఎర్గ్ చెబ్బీలో లాలా లాలియా అనే నక్షత్ర దిబ్బ ఎత్తు 100 మీటర్లు. 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం అది ఏడాదికి అర మీటరు చొప్పున పడమరకు జరుగుతోంది. మొక్కలు పట్టిన థార్ దిబ్బలు చాలావరకు కదలకుండానే ఉన్నాయి.

దిబ్బలకు ఇన్ని ఆకారాలు ఎందుకు?

మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. ఇసుక ఎంత ఉంది? గాలి ఎన్ని వైపుల నుంచి వీస్తుంది? మొక్కలున్నాయా?

ఇసుక తక్కువ, గాలి ఒకే దిక్కు, మొక్కలు లేవు: అప్పుడు చంద్రవంక ఆకారంలో బర్ఖాన్ పుడుతుంది. మధ్య భాగం ఎత్తు, అంచులు పొట్టి. పొట్టి అంచులు వేగంగా నడుస్తాయి కాబట్టి అవే కొమ్ముల్లా గాలి పోయే దిక్కుకు ముందుకు సాగుతాయి. కింది గట్టి నేల మధ్యమధ్యలో కనిపిస్తూనే ఉంటుంది. అదే గాలి ఉండి ఇసుక సమృద్ధిగా ఉంటే బర్ఖాన్లు పక్కపక్కన అతుక్కుని, గాలికి అడ్డంగా సాగే పొడవాటి అడ్డదిబ్బలవుతాయి.

గాలి ఏడాదిలో రెండు వేర్వేరు దిక్కుల నుంచి వీస్తే కథ మారుతుంది. ఒక కాలపు గాలి ఇసుకను ఇటు పక్కకు తోస్తే, ఇంకో కాలపు గాలి అటు పక్కకు తోస్తుంది. రెండింటి ఫలితంగా దిబ్బ మధ్య దిక్కున పొడుగ్గా సాగుతుంది. వీటినే సీఫ్ దిబ్బలు, రేఖా దిబ్బలు అంటారు. ఆస్ట్రేలియాలోని సింప్సన్ ఎడారిలో ఇవి వెయ్యికి పైగా, ఒకదానికొకటి సమాంతరంగా, కొన్ని 200 కిలోమీటర్ల పొడవున సాగాయి.

గాలి మూడు, నాలుగు దిక్కుల నుంచి మారిమారి వీస్తే ఇసుక ఎటూ పోలేదు, ఉన్నచోటే పైకి పెరుగుతుంది. నడుమ శిఖరం, చుట్టూ చేతులు. ఇదే నక్షత్ర దిబ్బ. ప్రపంచంలో చాలా ఎత్తైన దిబ్బలు ఈ రకానివే.

ఇక మొక్కలు చేరితే పరావలయ దిబ్బ. దాని సంగతి కింద చూడండి.

థార్‌లో ఏ ఆకారం ఎక్కువ?

పరావలయ దిబ్బ. మొక్కలు కొద్దికొద్దిగా ఉన్న చోట దిబ్బ అంచులు పొట్టిగా ఉంటాయి కదా, వాటి మీద గడ్డి, పొదలు సులువుగా నిలదొక్కుకుంటాయి. వేళ్లు అంచులను పట్టేస్తాయి. మధ్య భాగం మీద మాత్రం ఇసుక మరీ వేగంగా కదులుతుంటుంది, మొక్క పట్టదు. దాంతో నడుమ ముందుకు పోతుంది, చేతులు వెనకే ఉండిపోతాయి. చేతులు కొన్నిచోట్ల కిలోమీటర్ల పొడవున సాగుతాయి. ఒకదాని చేతులు పక్కదాని చేతులతో కలిసిపోయి, పై నుంచి చూస్తే వరస వరసలుగా కనిపిస్తాయి.

థార్‌లో ఈ దిబ్బల మూతులన్నీ ఈశాన్యానికి తిరిగి ఉంటాయి. అది నైరుతి గాలుల సంతకం. మనకు వానలు మోసుకొచ్చే ఆ నైరుతి గాలే అక్కడికి చేరేసరికి తేమ చాలావరకు కోల్పోయి, బలం మాత్రం నిలుపుకుని, దిబ్బలు కడుతుంది. ఇంకా పడమరకు, జైసల్మేర్ అవతల వాన బాగా తగ్గిపోయే చోట రేఖా దిబ్బలు, బర్ఖాన్లు కనిపిస్తాయి. తూర్పు నుంచి పడమరకు ప్రయాణిస్తే వానతో పాటు దిబ్బ ఆకారం కూడా మారుతూ పోతుందన్నమాట.

బర్ఖాన్, పరావలయ దిబ్బ రెండూ వంపుగానే ఉంటాయి. తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి?

కొమ్ములు ఎటు చూస్తున్నాయో చూడండి. బర్ఖాన్ కొమ్ములు గాలి పోయే వైపు, పరావలయ దిబ్బ చేతులు గాలి వచ్చే వైపు. కారణం తెలిస్తే బట్టీ పట్టనక్కర్లేదు. మొక్కలు లేకపోతే పొట్టి అంచులు ముందుకు పరుగెత్తుతాయి, మొక్కలుంటే అవే అంచులు వెనక చిక్కుకుంటాయి. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

రెండు దిబ్బలు ఢీకొంటే ఏమవుతుంది?

చిన్నది వేగంగా వస్తుంది కాబట్టి ముందున్న పెద్దదాన్ని అందుకుంటుంది. మరీ చిన్నదైతే పెద్దదానిలో కలిసిపోతుంది. ఓ మోస్తరు సైజుదైతే వెనక నుంచి ఇసుక చేరుతుంది, ముందు వైపు నుంచి కొత్త చిన్న దిబ్బ ఒకటి విడిపోయి వెళ్తుంది. చూసేవాళ్లకు చిన్నది పెద్దదాని గుండా దూసుకుపోయినట్టే ఉంటుంది గానీ, బయటికి వచ్చిన ఇసుక చాలావరకు పెద్దదానిది.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఇంకో సంగతి చూపించారు. వలయాకారపు నీటి తొట్టెలో సమానమైన రెండు దిబ్బలను ఒకదాని వెనక ఒకటి ఉంచి నీటిని తిప్పితే, అవి దగ్గరవలేదు. వెనక దిబ్బ రేపే సుడుల వల్ల ముందుది ఇంకా వేగంగా జరిగి, చివరికి రెండూ తొట్టెలో ఎదురెదురుగా కుదురుకున్నాయి.

థార్ దిబ్బల వయసు ఎంత? ఎలా తెలుస్తుంది?

రేణువుల్లోనే ఒక గడియారం ఉంది. ఇసుక కప్పుబడి చీకట్లో ఉన్నప్పుడు, చుట్టూ మట్టిలోని సహజ రేడియోధార్మికత వల్ల క్వార్ట్జ్ రేణువుల్లో కొద్దికొద్దిగా శక్తి నిల్వ అవుతుంది. ఎండ తగిలితే అది పోయి లెక్క సున్నాకు వస్తుంది. కాబట్టి దిబ్బను తవ్వి, లోపలి గోడలోకి ఇనుప గొట్టం దిగగొట్టి, వెలుతురు తగలకుండా తీసి, ఎర్ర దీపపు గదిలో తెరిచి కొలిస్తే, ఆ పొర చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో తెలుస్తుంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ ఈ పద్ధతిలో థార్ మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. రాజస్థాన్‌లోని డీడ్వానా దగ్గర తవ్విచూసిన ఒక దిబ్బ అడుగు పొరలు లక్ష ఏళ్లు దాటినవి.

ఈ పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది మంచుయుగం సంగతి. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం పతాక స్థాయిలో ఉన్నప్పుడు థార్ బాగా ఎండిపోయి ఉంది. అప్పుడే దిబ్బలు ఎక్కువగా పెరిగి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆనాడు నైరుతి గాలులు బలహీనం. ఇసుక ఉంది, దాన్ని మోసే గాలి లేదు. తర్వాత గాలులు బలం పుంజుకుని, వానలు ఇంకా నిలదొక్కుకోని సంధికాలంలో, 14,000 నుంచి 10,000 ఏళ్ల కిందట, దిబ్బలు జోరుగా పెరిగాయి. ఆ పైన వానలు పెరిగి మొక్కలు పట్టాక నిద్రపోయాయి. కరువు ఒక్కటే దిబ్బను కట్టదు.

అన్నిటికన్నా ఎత్తైన దిబ్బ ఎక్కడుంది?

చైనాలోని బదాయిన్ జరాన్ ఎడారిలో. చుట్టూ నేల నుంచి 460 మీటర్ల దాకా లేచిన దిబ్బలు, వాటి మధ్య 140కి పైగా సరస్సులు. 2024లో ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలోనే దీనికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

దిబ్బలు మోగుతాయని విన్నాం. నిజమేనా?

నిజమే. పొడిగా, గుండ్రంగా, ఒకే సైజులో ఉన్న ఇసుక జారుడు వాలు మీద పెద్ద ఎత్తున జారినప్పుడు 70 నుంచి 105 హెర్ట్జ్ మధ్య గంభీరమైన మోత వస్తుంది. కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. చైనాలో దున్‌హువాంగ్ దగ్గరి మింగ్షా కొండ ఇందుకు ప్రసిద్ధి. పదమూడో శతాబ్దంలో మార్కో పోలో కూడా ఎడారి మోతల గురించి చెప్పాడు. వాన తడిస్తే మోత ఆగిపోతుంది.

వేరే గ్రహాల మీద దిబ్బలున్నాయా?

ఉన్నాయి. అంగారకుడి మీద వాతావరణం భూమి మీద దానిలో ఒక శాతం కూడా లేదు, అయినా నడిచే దిబ్బలున్నాయి. క్యూరియాసిటీ రోవర్ 2015 చివర్లో అక్కడ ఒక దిబ్బల గుంపు దగ్గరకు వెళ్లింది, దానికి బాగ్నాల్డ్ పేరే పెట్టారు. శని ఉపగ్రహం టైటాన్ మీద రేఖా దిబ్బలున్నాయి, వాటిలో ఉన్నది రాతి ఇసుక కాదు, కర్బన పదార్థాల రేణువులు.

ఊరి మీదికి, పొలం మీదికి వచ్చే దిబ్బను ఆపవచ్చా?

ఆపవచ్చు, మన దేశానికి ఇందులో మంచి అనుభవం ఉంది. 1950లలో జోధ్‌పూర్‌లో ఎడారి అడవుల పెంపకానికి ఒక కేంద్రం పెట్టారు, 1959లో అది కాజ్రీగా, అంటే కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థగా మారింది. వాళ్ల పద్ధతి చెప్పుకోవడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి.

మొదట కంచె. మేకలు, గొర్రెలు, ఒంటెలు లోపలికి రాకుండా ఆపాలి. ఇది లేకుండా మిగతావి చేసినా వృథా. తర్వాత, వానలకు ముందే, స్థానికంగా దొరికే పొదల కొమ్మలను గాలికి అడ్డంగా వరసలుగానో గళ్లుగానో ఇసుకలో పాతుతారు. అవి అడుగున గాలి వేగాన్ని తగ్గిస్తాయి, గెంతే ఇసుక ఆగుతుంది. తొలి వాన పడగానే ఆ వరసల మధ్య మొక్కలు నాటి, గడ్డి విత్తనం చల్లుతారు. మామూలుగా వేసేవి ఇజ్రాయెలీ తుమ్మ, ఫోగ్ పొద, సేవన్ గడ్డి. వాన నీరు దిబ్బలో లోతుకు ఇంకి అక్కడే ఉంటుంది. పైన ఎండిన ఇసుక పొర ఆవిరి కాకుండా కాపాడుతుంది. అందుకే చూడ్డానికి బూడిదలా ఉన్న దిబ్బలో మూరెడు లోతున చెమ్మ తగులుతుంది, మొక్క బతుకుతుంది.

చైనాలో షాపోతౌ దగ్గర 1958లో మొదలైన బావోతౌ–లాంఝౌ రైలు మార్గాన్ని కాపాడింది ఎండుగడ్డి. మీటరు గళ్లుగా ఇసుకలో గుచ్చారు. యంత్రాలు లేవు, పారలతో చేసిన పని.

థార్‌లో అందరికంటే పాత కాపరి జమ్మి చెట్టు. అక్కడ ఖేజ్రీ అంటారు. రాజస్థాన్‌కూ తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం. వేళ్లు చాలా లోతుకు పోతాయి, నీడ పంటను చంపదు, ఆకు పశువులకు మేత, కాయ మనుషులకు కూర. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో ఈ చెట్లు నరకడానికి వచ్చిన రాజు మనుషులను అడ్డుకుంటూ అమృతా దేవితో మొదలుపెట్టి 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. దిబ్బల మధ్య బతికేవాళ్లకు చెట్టు విలువ ఎంతో ఇంతకన్నా ఎవరూ చెప్పలేరు.

తొందరగా పెరుగుతుందని విరివిగా వేసిన సర్కారు తుమ్మ మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. ఇసుకను పడుతుంది, వంటచెరకు ఇస్తుంది, నిజమే. కానీ స్థానిక గడ్డినీ పొదలనూ తొక్కేసి తానొక్కటే మిగులుతుంది. మన పల్లెల్లో చెరువులు, బీళ్లు దీని పాలైన తీరు చూసినవాళ్లకు వివరించనక్కర్లేదు.

అంటే దిబ్బలన్నిటికీ చెట్లు నాటేయాలా?

వద్దు. జైసల్మేర్ అవతలి కదిలే దిబ్బలు ఎవరికీ అడ్డురావు, అక్కడి జీవులు ఆ కదలికకు అలవాటుపడినవి. బట్టమేక పిట్ట లాంటి వాటికి కావలసింది బహిరంగ గడ్డినేల, చెట్ల తోపు కాదు. అసలు జాగ్రత్త పడాల్సింది నిద్రపోతున్న పాత దిబ్బల విషయంలో. వాటిమీద మొక్కల పొరను అతిగా మేపినా, వంటచెరకుకు వేళ్లతో సహా పెకలించినా, ట్రాక్టరుతో లోతుగా దున్నినా కింద వేల ఏళ్లుగా కుదురుగా ఉన్న ఇసుక మళ్లీ లేస్తుంది. లేచినదాన్ని పడుకోబెట్టడానికి ఏళ్లు పడుతుంది.

తెలుగు నేల మీద ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, రెండు చోట్ల రెండు రకాలుగా.

అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి నది, అంటే హగరి ఒడ్డున, దర్గా హొన్నూరు, గోవిందవాడ లాంటి ఊళ్ల దగ్గర ఇసుక దిబ్బలు పొలాల మీదికి వస్తున్నాయి. ఇది ఎడారి కాదు. జైసల్మేర్‌లో ఏడాదికి పడేది సుమారు 200 మిల్లీమీటర్ల వాన, అనంతపురంలో 500 దాటుతుంది. అయినా దిబ్బకు కావలసినవన్నీ అక్కడ కలిశాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే నది గర్భం ఇసుకను ఇస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఎంత బలంగా వీస్తుందో జిల్లాలో గాలిమరలు చూస్తేనే తెలుస్తుంది. నది ఉత్తరానికి పారుతుంది కాబట్టి ఆ గాలి ఇసుకను తూర్పు ఒడ్డు పొలాల్లోకి తోస్తుంది. గెంతే ఇసుక లేత మొలకలను కోసేస్తుంది, మిగిలిన నేలను కప్పేస్తుంది. ఒడ్డున గాలికి అడ్డంగా చెట్లు, పొదలు, గడ్డి వరసలు వరసలుగా పెంచడమే దీనికి మందు, అదీ ఒక్క రైతు పొలంలో కాదు, నది వెంట ఊళ్లన్నీ కలిసి. ఇక్కడి గాలికి థార్ పద్ధతి సరిగ్గా పనికొస్తుందన్నది నా గట్టి నమ్మకం.

రెండోది విశాఖపట్నం, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు. ఇవి తీరపు గాలి కట్టినవి. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుక ఒడ్డుకు ఎగిరివచ్చి పోగైంది. తర్వాత వేల ఏళ్లలో అందులోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కింది, వాన నీళ్లు లోతైన గాడులు కోశాయి. నమీబ్ దిబ్బల ఎరుపుకూ రేణువుల మీద పూతలా పట్టిన ఇనుప ఆక్సైడే కారణం. ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడ మట్టి తవ్వడమంటే తిరిగి రానిదాన్ని తవ్వుకుపోవడమే.

ఎడారి ఇసుకతో ఇళ్లు కట్టుకోవచ్చు కదా, నదుల్ని ఎందుకు తవ్వుతున్నారు?

దిబ్బ ఇసుక గుద్దుకుని గుద్దుకుని నునుపుగా, గుండ్రంగా అరిగిపోతుంది, పైగా మరీ సన్నం. కాంక్రీటుకు గరుకు అంచుల ఇసుక కావాలి, రకరకాల సైజుల్లో కావాలి. అందుకే ఎడారి దేశాలు కూడా బయటి నుంచి ఇసుక కొనుక్కుంటాయి.

థార్ దిబ్బలు చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి?

హాయిగా తిరగాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అయితే ఆ నెలల్లో గాలి తక్కువ, దిబ్బ పని చేస్తుండగా కనిపించడం అరుదు. కొంచెం వేడి తట్టుకోగలిగితే మార్చి మంచిది. సమ్ దగ్గర జనం ఎక్కువ, ఖూరీ వైపు కాస్త ప్రశాంతం. పొద్దున్నే వెళ్తే రాత్రి గాలి గీసిన చారలు చెదరకుండా ఉంటాయి. వంగి చూస్తే ఒక్కో చార కొన మీద ముతక రేణువులు, పల్లంలో సన్నవి కనిపిస్తాయి. గెంతే ఇసుక ముతకవాటిని తోసి పైన నిలబెడుతుంది.

దిబ్బల మీద జీపు సఫారీ వల్ల నష్టం ఉందా?

బోడి దిబ్బ మీద చక్రాల గుర్తులు తొలి గాలికే పోతాయి. గడ్డి, పొదలు పట్టిన దిబ్బ మీద మాత్రం పోవు. చక్రం కింద నలిగిన చోట మొక్క చస్తుంది, అక్కడ గాలి ఒక గొయ్యి తవ్వుతుంది, ఆ గొయ్యి ఏటేటా పెద్దదవుతుంది. డ్రైవరు దగ్గరిదారి అని పొదల మీదుగా తీసుకెళ్తానంటే వద్దనండి, దిగి నడవండి.